నీళ్లు నమిలే ఉద్యోగం

కందులవరం మున్సిపాలిటీలో కొత్తగా అపార్టుమెంటు కట్టాలంటే ముందు నాంచారమ్మ నీళ్లు నమలాలి. అధికారులు నీళ్లు నమలడం ఏ ఊళ్లోనైనా ఉన్నదే. కందులవరంలో దానికి వేరే జీతం, వేరే కుర్చీ, తలుపు మీద బోర్డు ఉన్నాయి, అంతే తేడా. బోర్డు మీద 'జల చర్వణాధికారిణి' అని ఉంటుంది. అంత మాటకు నోరు తిరగక జనం నములు మేడం అంటారు. పొద్దున్నే ఆఫీసుకొచ్చి, సంచీలోంచి స్టీలు గ్లాసు తీసి, ఆ రోజు వంతుకొచ్చిన స్థలం తాలూకు నీళ్లు నోట్లో పోసుకుని, కుడి దవడతో కొంతసేపు, ఎడమ దవడతో కొంతసేపు నమిలి అభిప్రాయం రాయడం ఆమె పని.

ఈ పదవి ఒక అచ్చుతప్పుకు పుట్టింది. ఆ సంగతి ఎవరూ దాచలేదు కూడా. కొత్త ఇళ్లు లేస్తే ఊరి నీళ్లు ఏమవుతాయో, మురుగు ఎటు పోతుందో ముందుగా చూడాలనీ, అందుకోసం 'నీటి నమూనా తీయాలి' అనీ పైనుంచి ఉత్తర్వు రావలసింది. టైపు కొట్టినాయన ఏ ధ్యాసలో ఉన్నాడో 'నీటిని నమిలి తీరాలి' అని కొట్టాడు. ఇది ఎలాగండీ అని కందులవరం వాళ్లు రాస్తే, ముందు అమలు చేయండి, ఇబ్బంది వస్తే అప్పుడు రాయండి అని జవాబొచ్చింది. అమలు చేశారు. ఇబ్బందేమీ రాలేదు. అప్పటికే ఊరి చుట్టూ లేచిన అపార్టుమెంట్ల పుణ్యమా అని నీళ్లు నమలడానికి అనువుగా తయారై ఉన్నాయి. ఉత్తర్వు వచ్చాక నీళ్లు గట్టిపడ్డాయా, నీళ్లు గట్టిపడ్డాయని తెలిసే ఉత్తర్వు ఇచ్చారా అని కౌన్సిల్లో ఒక సభ్యుడు అడిగాడు. అది చాలా మంచి ప్రశ్న అని మెచ్చుకుని అందరూ టీకి లేచారు.

నిబంధన ఒక్కటే. చర్వణాధికారి నమలగలిగితే అనుమతి, నమలలేకపోతే తిరస్కారం. నమలగలిగే నీళ్లలో మూడు రకాలు: మరమరాల రకం, జీళ్ల రకం, తేగల రకం. మరమరాల రకం నోట్లో కరకరలాడి కరిగిపోతుంది. జీళ్ల రకం సాగుతుంది, పళ్లకు అంటుకుంటుంది. తేగల రకమైతే నమిలినంతసేపు నమిలి పీచు ఉమ్మేయాలి. ఆ పైన ఇంకో రకం ఉందని నిబంధనల్లో ఉంది కానీ దానికి పేరు పెట్టలేదు, ఎవరికీ తగల్లేదు కనక. నాంచారమ్మ ఇన్నేళ్ల సర్వీసులో ఎవరి దగ్గరా టీ కూడా తాగకుండా, అబద్ధం ఒక్కటి రాయకుండా, తేగల రకాన్ని తేగల రకమనే రాసుకొచ్చింది. బిల్డర్లకు ఆమె మీద పీకలదాకా కోపం ఉండేది. వెనకటి రోజుల్లో అయితే మూడు చెరువుల నీళ్లు తాగించేవాళ్లే. ఇప్పుడు ఊళ్లో మూడు చెరువులూ వాళ్లే ప్లాట్లు వేసి అమ్మేశారు.

తెలుగులో పన్ను అనే మాట రెండు పనులు చేయడం మున్సిపాలిటీకి కలిసొచ్చింది. నీళ్లు తాగే కాలం పోయి నమిలే కాలం వచ్చాక, పళ్లు లేని ముసలివాళ్లు దాహంతో గోల పెట్టారు. దాంతో నీటి పన్ను కౌంటరు పక్కనే ఒక పళ్ల డాక్టరుకు కుర్చీ వేశారు. కిటికీలో గుమాస్తా "నీటి పన్ను కట్టారా?" అని అడుగుతాడు. కొందరు పర్సు తెరుస్తారు, కొందరు నోరు తెరుస్తారు. పర్సు తెరిచినవాళ్లకు రసీదు ఇస్తారు, నోరు తెరిచినవాళ్లకు పన్ను కడతారు. ఏ పన్నూ కట్టనివాళ్లకు కుళాయి కట్. ఉన్నవాళ్ల కోసం బజార్లో మిషను మీద ముందే నమిలి సీసాల్లో పోసిన నీళ్లు దొరుకుతాయి. చుట్టాలొస్తే అవే ఇవ్వడం మర్యాద.

ఇలా అంతా సాఫీగా జరిగిపోతుండగా తెల్లవాగు గట్టున క్షీరసాగర్ హైట్స్ లేచింది. చంద్రమౌళి అనే బిల్డరు దాన్ని తొమ్మిది బ్లాకులుగా ముందే కట్టేసి, రంగులు కూడా వేసేసి, అప్పుడు అనుమతికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ ఊళ్లో అది రివాజే. బిడ్డ పుట్టాక కదా పేరు పెట్టేది అంటాడాయన. ఊరి మురుగు పైపు ఆ గట్టుదాకా రాలేదు. వస్తోందని చాలా ఏళ్ల కిందటే వంతెన అవతల రోడ్డు తవ్వి పెట్టారు. పైపు వచ్చేదాకా మురుగు ఎటు పోతుందయ్యా అంటే, పల్లానికి పోతుందని దరఖాస్తులో నిజాయితీగా రాశాడు. పల్లాన దిగువపాలెం ఉంది.

దిగువపాలెంలో నీళ్లు ఇంకా తాగుతారు. అక్కడి బావులు వాగు ఊటతో నిండుతాయి, ఆ ఊట ఇప్పటికీ నీళ్లలాగే ఉంటుంది. కందులవరం వాళ్లు ఏదో వంకతో అక్కడికి వెళ్లి, ఒక చెంబెడు నీళ్లు గటగటా తాగి, గుటక వేయడమంటే ఇదీ అని గుర్తు చేసుకుని వస్తారు. నాంచారమ్మకు ఆ వంక వెతుక్కునే పని లేదు. ఆమె కూతురు హిమజ కాపురం అక్కడే. హిమజకు నాలుగు నెలల పాప. ఇంకో రెండు నెలల్లో పాపకు అన్నప్రాసన, ఆనాటి నుంచి నీళ్లు పట్టాలి. పళ్లు రావడానికి మాత్రం ఇంకా చాలా టైముంది.

ఆ లెక్క నాంచారమ్మకు దరఖాస్తు చూసిన క్షణంలోనే తట్టింది. అయినా ఉద్యోగ ధర్మం ఉద్యోగ ధర్మమే కదా అనుకుని పరీక్షకు బయల్దేరింది. రాబోయే మురుగును ఇప్పుడే నమలడం ఎలా అంటే, అందుకూ పద్ధతి ఉంది. అదే బిల్డరు ఇంతకుముందు కట్టిన అపార్టుమెంటు వెనక నుంచి మురుగు తెచ్చి, రాబోయే జనాభాకు తగ్గ పాళ్లలో వాగు నీళ్లలో కలిపి, ఆ భవిష్యత్తును నోట్లో పోసుకోవాలి. నాంచారమ్మ పోసుకుంది. కుడి దవడ కదల్లేదు. ఎడమ దవడ కదిలి మధ్యలో ఆగిపోయింది. లోపల ఏదో టక్కుమంది. బయటికి తీసి చూస్తే అది ఆమె దంతం. నిబంధనల్లో పేరు పెట్టని రకం ఇదేనని ఆమెకు అర్థమైంది.

"నమలలేం అని రాస్తన్నా సార్," అంది కమిషనర్ పురుషోత్తంగారి గదిలో, దవడకు రుమాలు అదుముకుని.

కమిషనర్ చాలా మంచివాడు, ఎవరితోనూ పల్లెత్తు మాట అనడు. "రాయొద్దని నేనెందుకంటానమ్మా. కాకపోతే ఇది పెద్ద ప్రాజెక్టు. ప్రజల ముందు, బహిరంగంగా చెప్తే బాగుంటుంది. రూలు ప్రకారం సభ పెట్టాలి కూడా," అన్నాడు.

నాంచారమ్మకు ఆ మాట నచ్చింది. ప్రజల ముందైతే ఎవరూ తన నోరు మూయించలేరని ధైర్యపడింది. హిమజకు ఫోన్ చేసి, నువ్వూ పాపను తీసుకుని రా, మీ ఊరివాళ్లందర్నీ రమ్మను అని చెప్పింది.

సభ క్షీరసాగర్ హైట్స్ ముందరే జరిగింది. షామియానా, కుర్చీలు, బిర్యానీ పొట్లాలు, నమిలిన నీళ్ల సీసాలు అన్నీ చంద్రమౌళే ఏర్పాటు చేశాడు. ముందుగా హైదరాబాద్ నుంచి వచ్చిన కన్సల్టెంటు ప్రభావ నివేదిక చదివాడు. ఈ నిర్మాణం వల్ల సముద్రపు తాబేళ్లకు ఎటువంటి హాని లేదనీ, ఆటుపోట్లు యథావిధిగా ఉంటాయనీ చెప్పాడు. కందులవరానికి సముద్రం చాలా దూరం కాబట్టి దీన్ని ఎవరూ కాదనలేకపోయారు. మురుగు విషయానికొస్తే, ఈ ఫ్లాట్లు కొనేవాళ్లు శని ఆదివారాలు బయట తింటారు కనక వాళ్ల తాలూకు మురుగు మామూలు మనుషుల కంటే తక్కువ ఉంటుందని నివేదికలో తేలింది. శుద్ధి కేంద్రం ఎక్కడ అని ఎవరో అడిగితే, మ్యాపు మీద ఆకుపచ్చ గడిని చూపించాడు. మరి పిల్లల పార్కు ఎక్కడ అంటే, అదే గడిని ఇంకా ప్రేమగా చూపించాడు.

దిగువపాలెం నుంచి వచ్చిన అంకయ్య అనే రైతు లేచాడు. "అయ్యా, మేం నీళ్లు తాగుతున్నాం. మాకు నమలటం రాదు," అన్నాడు.

"దానిదేముంది, శిక్షణ ఇస్తాం," అన్నాడు కమిషనర్. "నెల రోజుల్లో వచ్చేస్తుంది."

"ఈయన కాకపోతే ఇంకోడొచ్చి కడతాళ్లే. పళ్లూడగొట్టుకోటానికి ఏ రాయైతే ఏంది," అని గొణుక్కుంటూ అంకయ్య కూర్చున్నాడు. బిర్యానీ పొట్లం విప్పలేదు కానీ వదల్లేదు కూడా.

అప్పుడు నాంచారమ్మ లేచింది. ముందు వరసలో హిమజ, ఒళ్లో పాప. పాప షామియానా రంగులు చూస్తూ చిగుళ్లతో నవ్వుతోంది.

"సార్, పళ్లు రాని పిల్లల సంగతేంటో ముందు తేల్చండి," అంది.

"పసిపిల్లలకు పన్ను మినహాయింపు ఉంది కదమ్మా," అన్నాడు కమిషనర్. జనం చప్పట్లు కొట్టారు. మినహాయింపు అన్న మాట ఎక్కడ వినపడినా కందులవరంలో చప్పట్లు కొడతారు.

చప్పట్లు ఆగేదాకా నాంచారమ్మ నిలబడే ఉంది. నమలలేం అనే నాలుగక్షరాలూ నాలుక చివరికి వచ్చి ఉన్నాయి. ఆ మాట అంటే చాలు, క్షీరసాగర్‌కు తాళం పడుతుంది, దిగువపాలెం బావులు బావుల్లాగే ఉంటాయి. సరిగ్గా అప్పుడు చంద్రమౌళి రెండు చేతులూ కట్టుకుని వినయంగా లేచాడు.

"మేడంగారూ, మీరేం రాసినా నాకు శిరోధార్యం. తెలవక అడుగుతున్నా, ఒక్క మాట చెప్పండి. శాంతినగర్లో మీ ఇల్లుంది కదా. మీ ఇంట్లో మురుగు ఎక్కడికి పోద్దండీ?"

నాంచారమ్మ నోరు తెరిచింది. శాంతినగర్లో ఆ ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ వెనక గోడ కింద నుంచి ఒక పైపు వేశాడు. అది సందులో కాలవలోకి పోతుంది. ఆ కాలవ ఎటు పోతుందో ఆమె ఎన్నడూ వెళ్లి చూడలేదు. చూడకపోయినా తెలుసు. ఊళ్లో వాన చినుకు దగ్గర నుంచి ఏదైనా చివరికి తెల్లవాగులోకే పోతుంది, వాగు ఊట ఇన్నాళ్లూ దాన్ని తట్టుకుంటోంది, అంతే. ఇన్నేళ్లుగా ఊరందరి నీళ్లూ నమిలిన నోరు తన ఇంటి పైపు గురించి ఒక్కసారీ విప్పలేదు. ఎదురుగా కూతురు చూస్తోంది. ఆమెకు ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది.

"మాదా... మాదంటే... ఆ సందులో కాలవ ఉందిగా... అది మరి మున్సిపాలిటీ వాళ్లు... అప్పట్లో అందరూ అట్టాగే..." అంది. కక్కలేక మింగలేక అలా దవడలు ఆడిస్తూ ఉండిపోయింది.

కమిషనర్ ముఖం వెలిగింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అందరూ చూశారుగా. మేడం నీళ్లు నమిలారు," అన్నాడు.

గుమాస్తా రాసుకున్నాడు. సభాముఖంగా, ప్రజల సమక్షంలో, చర్వణాధికారిణి నీళ్లు నమిలినారు. నిబంధన ప్రకారం నమలగలిగితే అనుమతే.

"ఆమె నోట్లో నీళ్లే లేవు కదయ్యా," అన్నాడు అంకయ్య.

"లేకుండానే అంత బాగా నమిలారంటే, ఉంటే ఇంకెంత సులువో ఆలోచించండి," అన్నాడు కమిషనర్.

నాంచారమ్మ అది కాదు సార్, ఆ నీళ్లు వేరు, ఈ నమలడం వేరు అని చెప్పబోయింది. ఆమె తడబడిన కొద్దీ గుమాస్తా రెండోసారి నమిలినారు, మూడోసారి నమిలినారు అని రాస్తూ పోయాడు. ఒక్కరి అభిప్రాయం మీద ఇంత నిర్ణయం ఎలాగ, అందర్నీ అడిగితేనే న్యాయం అంటూ చంద్రమౌళి అదే ప్రశ్న కౌన్సిలర్లందర్నీ వరసగా అడిగాడు. ఒక కౌన్సిలరు ఆకాశం చూశాడు, ఒకాయన దగ్గాడు, ఒకావిడ సెల్‌ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించింది. అందరూ నమిలారు. కన్సల్టెంటును అడిగితే మాది హైదరాబాదండీ అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ఆయనా నమిలాడు. షామియానా కింద దవడల చప్పుడు తప్ప మరేం వినపడలేదు. పశువుల పాకలో సాయంత్రం పూట అలాగే ఉంటుంది. చివరికి అంకయ్య వంతు వచ్చింది. మా ఊళ్లో మరుగుదొడ్ల పథకం ఇచ్చారు కానీ గొయ్యి ఇవ్వలేదయ్యా, అందుకని మేం కూడా, అంటే, మరి... అని ఆయన కూడా కాసేపు నమిలి, బిర్యానీ పొట్లం విప్పుకున్నాడు. ఆమోదం ఏకగ్రీవమైంది.

ఆ నెలలో మంచి ముహూర్తం ఒక్కటే ఉండడంతో తొమ్మిది బ్లాకుల్లోనూ గృహప్రవేశాలు ఒకే పొద్దున జరిగాయి. ప్రతి ఫ్లాటులోనూ కొత్త గిన్నెలో పాలు పొంగించారు. పొంగిన పాలు స్టవ్‌ల మీద నుంచి సింకుల్లోకి, సింకుల్లోంచి పైపుల్లోకి, పైపుల్లోంచి వాగులోకి దిగాయి. ఆ ఒక్క రోజు తెల్లవాగు పేరుకు తగ్గట్టు తెల్లగా పారింది. దిగువపాలెం పిల్లలు గట్టు మీద నిలబడి కేరింతలు కొట్టారు, కొత్త ఫ్లాట్లవాళ్లు బాల్కనీల్లోంచి ఫోటోలు తీసుకున్నారు. సాయంత్రానికి అతిథులు భోజనాలు చేశారు. మర్నాటి నుంచి వాగు ఇంకో రంగుకు మారి ఆ రంగులోనే స్థిరపడింది.

దిగువపాలెంలో శిక్షణ అనుకున్నట్టే మొదలైంది. ఇసుకలో వడకట్టుకుని వచ్చినా బావి నీళ్లు మరమరాల రకం నుంచి జీళ్ల రకానికి, అక్కడి నుంచి తేగల రకానికి దిగడానికి ఎన్నాళ్లో పట్టలేదు. మగవాళ్లు త్వరగా నేర్చుకున్నారు. ఆడవాళ్లు పంటి బిగువున నేర్చుకున్నారు. ముసలివాళ్లను ట్రాక్టరెక్కించి పన్ను కట్టించడానికి తీసుకెళ్లారు. హిమజ పాపకు మున్సిపాలిటీ ఒక మినహాయింపు కార్డు పంపింది. ఈ కార్డు గల శిశువు నీళ్లు నమలనవసరం లేదని అందులో స్పష్టంగా ఉంది. మరి ఏం తాగాలో మాత్రం లేదు. సీసాల బండి రోజూ వంతెన దాకా వచ్చి, రోడ్డు తవ్వి ఉందని వెనక్కి తిరిగిపోతుంది.

అన్నప్రాసన నాడు పాప పాయసం రెండు చెంచాలు తిని, నీళ్ల కోసం ఏడుపు అందుకుంది. హిమజ బావి నీళ్లు కాచింది, వడకట్టింది, చెంచాతో పోసింది. అవి పాప చిగుళ్ల మీద కదలకుండా కూర్చున్నాయి. పాప ముఖం నల్లగా కమిలిపోయింది. హిమజ భయంతో వేలు పెట్టి వాటిని తీసి పారేసింది. పీటల మీది చుట్టాలు తలో సలహా చెప్పారు. నాంచారమ్మ ఆ నీళ్ల గ్లాసు అందుకుని, నీళ్లు నోట్లో పోసుకుని, మిగిలిన పళ్లతో మెల్లగా నమలడం మొదలుపెట్టింది. పీచు ఒక పక్కకు ఉమ్మింది. నమిలి నమిలి మెత్తగా చేసింది. పిచ్చుక పిల్లకు పెట్టినట్టు పాప నోటికి తన నోరు ఆనించి వదిలింది. పాప గుటక వేసింది.

ఆనాటి నుంచి ఆఫీసు అయిపోగానే నాంచారమ్మ బస్సెక్కి, వంతెన దగ్గర దిగి, నడిచి దిగువపాలెం వస్తుంది. మూడో రోజుకే వీధిలో బాలింతలు పిల్లలను ఎత్తుకుని, ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుని, హిమజ వాకిట్లో బారు తీరారు. కాదనడానికి నాంచారమ్మకు నోరెలా వస్తుంది. అందరి నీళ్లూ నములుతుంది. ఈ సంగతి తెలిసి కమిషనర్ చాలా సంతోషించి, దిగువపాలెంలో శిశువులకు నీటి సరఫరా నిరాటంకంగా జరుగుతోందని పైకి రాసుకున్నాడు. వేరే ఊళ్ల నుంచి అధికారులు వచ్చి చూసి, మా దగ్గర కూడా పెడతామని అన్నారు. క్షీరసాగర్ హైట్స్ సంఘం వాళ్లు ఆమెకు శాలువా కప్పి ఒక టూత్‌పేస్టు పెట్టె బహూకరించారు. వాళ్లు మంచివాళ్లే. వాళ్లకీ పిల్లలున్నారు.

ఒక సాయంత్రం బారు అంతా అయిపోయి వాకిలి ఖాళీ అయ్యాక, పాపను ఒళ్లో వేసుకుని హిమజ తల్లి ఎదురుగా కూర్చుంది. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న మాటేమో, తలెత్తకుండా అడిగింది.

"అమ్మా, ఆ రోజు సభలో మా ఇంటి మురుగు కూడా వాగులోకే పోద్ది, అయినా ఇది నమలలేం అని ఒక్క మాట అనుంటే ఏమయ్యేదే?"

నాంచారమ్మ నోటి నిండా నీళ్లున్నాయి. కూతురి వంక చూసింది, పాప వంక చూసింది. నములుతూనే ఉంది. పాప నోరు తెరుచుకుని అమ్మమ్మ దవడ వైపే ఆశగా చూస్తోంది.